షీటు అంటే గుడ్డ కాదండీ, తాడు

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ అనుబంధంలో తెరచాప పడవల పోటీల మీద వచ్చిన వ్యాసం చదివాను. వ్యాసం బాగుంది, ఫొటోలు ఇంకా బాగున్నాయి. ఒక్కచోట మాత్రం చేతిలో టీ గ్లాసు కింద పెట్టాల్సి వచ్చింది. గాలి ఒక్కసారిగా పెరిగినప్పుడు పడవలో ఉన్న అమ్మాయి షీటు వదిలిందట. దాన్ని మీవాళ్ళు తెరచాప గుడ్డను గాలికి వదిలేసిందని తెలుగు చేశారు. పడవలో షీటు అంటే గుడ్డ కాదు సార్, తాడు. తెరచాపను దగ్గరికి లాగడానికీ, గాలికి వదలడానికీ దాని కింది మూలకి కట్టే తాడు.

చదివి నవ్వుకున్నాను గానీ నవ్వే అర్హత నాకు లేదు. నలభై ఏళ్ళ కిందట నేనూ ఇదే తప్పు చేశాను. మీవాళ్ళు కాగితం మీద చేశారు, నేను నీళ్ళలో చేశాను.

నేవీలో చేరిన కొత్త. పలాసలో బండెక్కి బాలుగావ్‌లో దిగి, చిలికా సరస్సు ఒడ్డున ట్రైనింగ్. మాది ఉద్దానం, సముద్రం చూస్తూ పెరిగినవాణ్ణి, నాకు పడవ నేర్పేదేమిటి అన్న పొగరు కాస్త ఉండేది. ఓ మధ్యాహ్నం తెరచాప పడవలో నలుగురం కూర్చున్నాం. నా కుడిచేతిలో తాడు, ఎడంచేత్తో తెరచాప అంచు పట్టుకున్నాను. గాలి తోసింది. పడవ పక్కకి ఒరిగింది. ఇన్‌స్ట్రక్టర్ 'షీట్ ఛోడో' అని అరిచాడు. నాకు తెలిసిన షీటు మంచం మీద పరిచేది. వెంటనే గుడ్డ వదిలేశాను, తాడును రెండు చేతులతో బిగించి పట్టుకున్నాను. పడవ ఇంకా ఒరిగింది. నీళ్ళు అంచు దాటి మోకాళ్ళ దాకా వచ్చాయి. ఆయన ఒక్క దూకులో వచ్చి నా వేళ్ళు విడదీస్తే ఆ తాడు అరచేతుల్లోంచి సర్రున జారిపోయింది. తెరచాప టపటపా కొట్టుకుంది, పడవ ఏమీ జరగనట్టు నిటారుగా లేచి కూర్చుంది. నా అరచేతుల్లో చర్మం మాత్రం ఆ తాడుతో పాటే పోయింది. వారం రోజులు అన్నం స్పూనుతో తిన్నాను.

ఆ రాత్రి బ్యారక్‌లో ఓ సీనియర్ చెప్పాడు. పాత ఇంగ్లీషులో ఆ మాటకి తెరచాప కింది మూల అని అర్థమట. మూలకి కట్టిన తాడుకీ అదే పేరు అంటుకుంది. తప్పతాగి తూలేవాణ్ణి ఇంగ్లీషువాళ్ళు 'త్రీ షీట్స్ ఇన్ ది విండ్' అంటారు, మూడు షీట్లూ గాలికి పోయాయని. తాళ్ళు వదిలేస్తే చాపలు కొట్టుకుంటూ ఓడ ఎటు పడితే అటు ఊగుతుంది కదా, అదీ పోలిక. మీ అనువాదం ప్రకారమైతే ఆ తాగుబోతు మూడు దుప్పట్లు ఆరేసుకున్నట్టు అవుతుంది.

షీటు ఒక్కటే కాదు. ముందు ముందు మీవాళ్ళకి ఇంకా ఇబ్బందులున్నాయి, అందుకే ఇంత రాస్తున్నాను. పడవ ముక్కుకి కట్టి ఒడ్డున గుంజకి తగిలించే తాడు పేరు పెయింటర్. పెయింటర్‌ని కట్టేయమన్నారని ఎవరైనా రాస్తే, రంగులేసే మనిషిని స్తంభానికి కట్టేసినట్టు తెలుగులో రాకుండా చూసుకోండి. తెరచాప కొయ్య పక్కలకి వాలిపోకుండా రెండు వైపులా బిగించేవి ష్రౌడ్‌లు. నిఘంటువు తీస్తే శవం మీద కప్పే గుడ్డ అని వస్తుంది! కొయ్య ముందుకీ వెనక్కీ పడకుండా ఆపేవి స్టేలు. ష్రౌడ్‌లు, స్టేలు ఇప్పటి పడవల్లో ఎక్కువగా ఉక్కు తీగలే, అవి కదలవు. మనిషి చేతికి వచ్చే తాళ్ళు వేరే. చాపను పైకెత్తేది హాల్యార్డ్. కిందికి దించి బిగించేది డౌన్‌హాల్. చాప దించేశాక దాని అడుగున ఉండే బూమ్ కర్ర నెత్తిన పడకుండా పైనుంచి వేలాడదీసేది టాపింగ్ లిఫ్ట్. చేంతాడంత జాబితా, ఇక్కడితో ఆపుతాను.

నావికుల్లో ఒక మాట ఉంది, ఓడలో తాడు అని పిలవదగ్గ తాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చని. గంట కొట్టే తాడు, చాప అంచున కుట్టే తాడు, ఇలా నాలుగైదుకే ఇంగ్లీషులో రోప్ అన్న పేరు. మిగతాది చుట్టగా గోదాములో ఉన్నంతసేపే రోప్. కోసి ఒక పనికి పెట్టగానే దానికి సొంత పేరు వస్తుంది. ఇదేదో తెల్లవాళ్ళ డాబు అనుకునేవాణ్ణి. కాదు. 2017 సెప్టెంబర్ 10న గోవా నుంచి బయల్దేరి తారిణి అనే నేవీ తెరచాప పడవ మీద భూమి చుట్టి 2018 మే 21న తిరిగొచ్చిన ఆరుగురు నేవీ ఆఫీసర్లలో మన విశాఖ అమ్మాయి స్వాతి కూడా ఉంది. మొత్తం 254 రోజులు. ఆ 55 అడుగుల పడవలో, అర్ధరాత్రి, దక్షిణ సముద్రపు చలిలో 'ఆ తాడు లాగు' అంటే ఏ తాడని లాగుతారు? గాలి హోరులో వినపడాల్సింది ఒక్క మాటే. ఆ ఒక్క మాటకి ఒక్క తాడే ఉండాలి.

ఇంత దూరం వెళ్ళి నేర్చుకున్నది మా తాత ఇంట్లోనే ఉందని రిటైరై ఊరొచ్చాకే నాకు తట్టింది. మా తాత కొబ్బరి తాళ్ళు పేనేవాడు. డొక్కలు నెలల తరబడి నీళ్ళలో నాననిచ్చి, కర్రతో కొట్టి, పీచు దులిపి ఎండేసేవాడు. అరుగు మీద కూర్చుని ఒక్కో పేటకి ఒకవైపు పురి పెట్టేవాడు, మూడు పేటలూ కలిపేటప్పుడు ఎదురు పురి తిప్పేవాడు. అందుకే చేయి వదిలినా తాడు విడిపోయేది కాదు. చిన్నప్పుడు "తాతా, తాడెక్కడుంది?" అని అడిగితే కస్సుమనేవాడు. "తాడేటిరా తాడు? ఏ పనికో సెప్పు!" ఆవుకైతే పలుపు. ఎద్దు ముక్కుకి ముకుతాడు. తోలేవాడి చేతిలో పగ్గం. నూతికి చేంతాడు. చెట్టెక్కేవాడికీ, బండి మీద బరువు బిగించేవాడికీ మోకు. పలుపు తెమ్మంటే చేంతాడు తెచ్చిన మనవడు ఆయన లెక్కలో మనిషే కాదు. చిలికాలో నా చేతుల్లోంచి తాడు లాక్కున్న ఇన్‌స్ట్రక్టర్‌కీ ఆయనకీ కోపంలో తేడా నాకైతే కనపడలేదు.

మా తీరంలో తెప్ప అంటేనే తాడు. దుంగలు కట్టి సముద్రంలోకి దింపడం, వచ్చాక కట్లు విప్పి ఇసకలో ఆరబెట్టడం. వల లాగే పెద్ద పడవలకైతే మేకు ఉండేది కాదు, పలకల్ని కొబ్బరి తాడుతో కుట్టేవాళ్ళు. అల కొట్టినప్పుడు ఆ కుట్టు కాస్త సాగేది, పడవ పగిలేది కాదు. ఇంగ్లీషువాళ్ళ క్యాటమరాన్ కూడా తమిళుల కట్టుమరంలోంచి పోయిందే. ఆ మాటలో మొదట ఉన్నది మాను కాదు, కట్టు. ఇప్పుడు ఫైబర్ తెప్పలు, ఇంజన్లు, రంగురంగుల నైలాన్. మంచిదే, ప్రాణాలు నిలుస్తున్నాయి. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫాను వచ్చి మా కొబ్బరితోటల్ని పడగొట్టాక పీచు తాడు పేనే చేతులు కూడా తగ్గాయి. అది వేరే ఉత్తరం.

నేను అడిగేవి రెండే. ఒకటి, ఆ వ్యాసానికి చిన్న సవరణ వేయండి. షీటుకి తెలుగు మాట కుదరకపోతే షీటు అనే రాసి, పక్కన చాప మూల తాడు అని చెబితే చాలు, చదివేవాళ్ళకి అర్థమవుతుంది. రెండోది, మీ శ్రీకాకుళం విలేకరిని ఒకసారి భావనపాడుకో, కళింగపట్నం పక్కన బందరువానిపేటకో పంపండి. చాపలెత్తి తెప్పలు నడిపిన పెద్దవాళ్ళు ఇంకా ఒడ్డున కూర్చుంటున్నారు. వాళ్ళ తాళ్ళన్నిటికీ పేర్లున్నాయి, ఏ నిఘంటువూ రాసుకోని పేర్లు. అవి మీ పేపర్లో పడితే రేపు మీ అనువాదకులకే పనికొస్తాయి. వెళ్ళేటప్పుడు ఫోన్లో రికార్డు చేసుకోవడంతో సరిపెట్టకుండా రెండు బారల తాడు ముక్క కూడా తీసుకెళ్ళమనండి. ఉత్తినే పేరు అడిగితే వాళ్ళు నవ్వి ఊరుకుంటారు. చేతిలో తాడు పెడితే కట్టి చూపిస్తారు, కడుతూ కడుతూ పేరు చెప్పేస్తారు.

ఇట్లు,
ఒక మాజీ నావికుడు,
కవిటి మండలం, శ్రీకాకుళం జిల్లా