డీజిల్ పెట్టెనొకటైనా మిగల్చండి

సంపాదకుడు గారికి,

నౌపడా–గుణుపూర్ లైనులో 1900లో మొదలైన 762 మిల్లీమీటర్ల నారోగేజీ బండి 2004లో ఆగింది. ఇప్పుడు కరెంటు లైన్లొచ్చి డీజిల్ ప్యాసింజర్ల కాలమూ ముగుస్తోంది.

ఈ డీజిల్ ప్యాసింజరునే డెమూ అంటారు. డెమూ బండిలో డీజిల్ ఇంజిన్ నేరుగా చక్రాలను తిప్పదు. కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్‌ను తిప్పుతుంది, ఆ కరెంటుతో చక్రాల దగ్గరి ట్రాక్షన్ మోటార్లు బండిని లాగుతాయి. రెండు కొసలా డ్రైవరు గది (క్యాబ్) ఉంటుంది కాబట్టి చివరి స్టేషన్లో ఇంజిన్ విప్పి మళ్లీ తగిలించే పని లేదు. చిన్న లైన్లకు అదే పెద్ద మేలు.

దీని అసలు శత్రువు దుమ్ము. రేడియేటర్ రెక్కల సందుల్లో నూనెతో కలిసి నల్లటి జిడ్డులా పేరుకుంటే గాలి ఆడదు, నీళ్లు చల్లారవు, ఇంజిన్ వేడెక్కి ఆగుతుంది. వేసవిలో మరీను.

కరెంటు బండి రావాల్సిందే. కానీ ఒక పవర్ కారునైనా (ఇంజిన్ ఉండే పెట్టెనైనా) తుక్కుకు పంపకుండా నౌపడాలో నిలిపి, పక్క తలుపులు తెరిచి లోపలి ఇంజిన్‌ను మన పిల్లలకు చూపించాలని రైల్వేను కోరుతున్నాం.

– రైలు ప్రయాణికులు, టెక్కలి, శ్రీకాకుళం జిల్లా