కేదార్‌కంఠ ఎక్కే వాడికి

విజయవాడ

ఒరేయ్ సుబ్బూ,

డిసెంబరులో ఉత్తరాఖండ్‌లోని మంచుకొండ కేదార్‌కంఠ ఎక్కడానికి వెళ్తున్నానని, బీసెంట్ రోడ్డులో లావుపాటి స్వెటర్లు రెండు చూసిపెట్టమని రాశావు. చూడను. 18 డిగ్రీలకే గుంటూరులో మఫ్లర్ చుట్టే మనిషివి కనక భయం సహజమే. కానీ అక్కడ నిన్ను వణికించేది ముందు నీ చెమటేరా.

బరువు మోస్తూ ఎక్కుతుంటే మంచులోనూ చెమట పడుతుంది. కాటన్ బనీను దాన్ని పీల్చుకుని ఒంటికి అతుక్కుంటుంది. నీరు గాలికంటే సుమారు 25 రెట్లు వేగంగా వేడిని లాగేస్తుంది, నువ్వు ఆగిన ఐదు నిమిషాలకే పళ్లు టకటకలాడతాయి. అందుకే బనీను, జీన్స్ ఇంట్లోనే వదిలెయ్. ఒంటికి పాలియెస్టర్ లేదా మెరినో అనే సన్నటి ఉన్నితో చేసిన థర్మల్, అంటే ఒంటిని అంటిపెట్టుకునే లోపలి చొక్కా, పైన ఫ్లీస్ అనే నూగు బట్ట చొక్కా, ఆ పైన గాలీ వానా ఆపే పల్చటి జాకెట్. మెత్తటి ఈకలు నింపిన డౌన్ జాకెట్ సంచిలో పైనే పెట్టుకో. నడిచేటప్పుడు వద్దు, ఆగగానే, ఒళ్లు చల్లబడకముందే తొడుక్కో. అది తడిస్తే ఈకలు ముద్దకట్టి ఎందుకూ పనికిరాదు, ప్లాస్టిక్ కవర్లో చుట్టు. బయలుదేరేటప్పుడు కాస్త చలిగా ఉంటేనే సరి. చెమట మొదలవుతుందనిపిస్తే ఫ్లీస్ తీసెయ్, బద్ధకించకు.

ఇక కాళ్లు. అందరూ దెబ్బతినేది ఇక్కడే. రెండు జతల సాక్స్ ఇరికించి షూ బిగిస్తే రక్తం ఆడదు, వేళ్లచుట్టూ వెచ్చటి గాలికి చోటుండదు, ఒక జతతో ఉన్నప్పటికన్నా ఎక్కువ చలేస్తుంది. మందపాటి ఉన్ని సాక్స్ ఒక్క జత చాలు. జాలీ బట్ట స్పోర్ట్స్ షూ మంచుకు ఆగవు. చీలమండ దాకా వచ్చే వాటర్‌ప్రూఫ్ బూట్లు కొను. సాయంత్రం పూట కొను, అప్పటికి పాదాలు కాస్త ఉబ్బి ఉంటాయి. లేసు కట్టకముందు కాలు ముందుకి తోస్తే మడమ వెనక ఒక వేలు దూరాలి, కట్టాక కాలివేళ్లు కదలాలి. అవి వేసుకుని రెండు మూడు వారాలు కొండవీడు ఎక్కి దిగు. లేకపోతే బొబ్బలు ఖాయం.

పడుకునేటప్పుడు తొడుక్కునే సాక్స్ జత వేరే ఉంచు, దాంతో నడవకు. బూట్లు గుడారం లోపలే పెట్టుకో, బయటుంటే తెల్లారేసరికి గడ్డకట్టి కాలు దూరదు. చేతులకి పల్చటి గ్లవ్స్, వాటిమీద వేళ్లన్నీ కలిసి ఉండే మిటెన్లు. నీ మంకీ క్యాప్ మాత్రం బంగారంలాంటిది, తీసుకెళ్లు.

కాలివేళ్లు తెల్లబడి స్పర్శ తెలియకపోతే రుద్దకు, మంటకి దగ్గరగా పెట్టకు. చర్మం చచ్చిపోయే ప్రమాదముంది. గైడుకి వెంటనే చెప్పు. మీరు ఎక్కడం మొదలుపెట్టే ఊరు సాంక్రీ సుమారు 6,400 అడుగుల ఎత్తు, శిఖరం 12,500. కిలోమీటరు ఎత్తుకి ఉష్ణోగ్రత ఆరు డిగ్రీల పైచిలుకు పడిపోతుంది కనక కింద తట్టుకున్న చలి లెక్క పైన పనికిరాదు. ఇంకోటి, మందేస్తే వెచ్చగా ఉంటుందని ఎవడైనా అంటే నమ్మకు. చర్మంలో రక్తనాళాలు విప్పారి లోపలి వేడి బయటికి పోతుంది.

శనివారం సాయంత్రం బస్సెక్కి వచ్చెయ్, బూట్లు కొందాం. వచ్చేటప్పుడు ఆ ఉన్ని సాక్స్ జేబులో పెట్టుకురా, వాటితోనే వేసి చూడాలి.

నీ
రాజు