మనం వేసిన కొత్త డోర్ హ్యాండిళ్ల గురించి

ఈమధ్య మా షెడ్డులో పాత కారుకి కొత్త డోర్ హ్యాండిల్ వేయించుకున్నవాళ్లకి ఈ మాట. వాటిలో కొన్ని మళ్లీ బిగుసుకుపోతున్నాయి. రెండైతే విరిగి చేతిలోకి వచ్చేశాయి. ఇంకొకరి నోటి నుంచి మీరు వినేలోపు నేనే చెప్పాలనుకున్నాను.

మొదటి హ్యాండిల్ విరిగినప్పుడు గట్టిగా లాగి ఉంటారులే అనుకున్నాను. ఆ కస్టమర్‌కి ఇక్కడే క్షమాపణ చెప్తున్నాను. రెండోది వచ్చాక, పెట్టెలోంచి ఎవరికీ బిగించని హ్యాండిల్ తీసి వైస్‌లో (వస్తువుని కదలకుండా పట్టి ఉంచే పనిముట్టులో) పెట్టి లాగి చూశాను. సగం దూరం వచ్చి పట్టేసింది. విప్పి చూస్తే పిన్ను దూరే రంధ్రం అంచులు గరుగ్గా ఉన్నాయి, స్ప్రింగేమో పాతదాని కన్నా బాగా గట్టిది. సరుకు ఇచ్చినాయన నాకు ఏళ్లుగా తెలుసు. ఫోన్ చేస్తే, "మీ కుర్రాళ్లకి బిగించడం రాక అలా అవుతోంది" అన్నాడు. ఆ మాట ఇప్పటికీ మింగుడుపడలేదు. అవి బిగించిన కుర్రాడు నా కళ్లముందే స్పానర్ పట్టుకోవడం నేర్చుకున్నాడు. అతని పని నాకు తెలుసు. బిగించని హ్యాండిలే పట్టేస్తుంటే బిగించడంలో తప్పేముంటుంది? ఆ హ్యాండిల్ తీసుకెళ్లి ఆయన బల్ల మీద పెట్టాను. అదే సరుకులోంచి వేరేవి మార్చి ఇస్తానన్నాడు. వద్దని వచ్చేశాను. ఆయన దగ్గర ఇక కొనను.

అయితే నా వైపు తప్పు కూడా ఉంది. చాలా కార్లలో అసలు బిగుసుకున్నది హ్యాండిల్ కాదు, డోర్ లోపలి లాచ్, అంటే డోర్‌ని మూసి పట్టి ఉంచే కొక్కెం. ఏళ్ల తరబడి గ్రీజులో దుమ్ము కలిసి జిగురులా గట్టిపడుతుంది. మనం హ్యాండిల్ లాగితే ఆ బరువంతా లింక్ రాడ్ (హ్యాండిల్‌నీ లాచ్‌నీ కలిపే కడ్డీ) మీదుగా హ్యాండిల్ మీదే పడుతుంది. లాచ్ శుభ్రం చేయకుండా కొత్త హ్యాండిల్ వేస్తే అది కూడా ఎన్నాళ్లో నిలవదు. డోర్ ప్యాడ్ (డోర్ లోపలి వైపు కప్పు) విప్పి, రాడ్ క్లిప్ తీసి హ్యాండిల్‌ని విడిగా ఆడించి చూస్తే లోపం ఎక్కడుందో తెలిసిపోతుంది. తొందరలో కొన్ని బండ్లకి ఈ పరీక్ష చేయలేదు.

అందుకే ఇక నుంచి ముందు పాత హ్యాండిల్‌నే బాగు చేస్తాం. ఈ నిర్ణయానికి రావడానికి నాకు చాలా రోజులు పట్టింది. కొత్తది బిగించడం త్వరగా అయిపోతుంది. పాతది విప్పి, పిన్ను చుట్టూ పట్టిన తెల్లటి తుప్పు గీకి, లాచ్ కడిగి, ఆరబెట్టి గ్రీజు పెట్టాలంటే బండి మా దగ్గర పూటంతా ఉండాలి. అంతసేపు ఆగలేక కొందరు వేరే షెడ్డుకి వెళ్లిపోతారన్న భయం ఇప్పటికీ ఉంది. అయినా సరే, ఇలాగే చేస్తాం.

పల్చటి స్ప్రే కొట్టి పంపేయడం కూడా మానేశాం. అది పట్టేసినదాన్ని వదులు చేయడానికి పనికొస్తుంది కానీ, ఉన్న గ్రీజుని కూడా కడిగేస్తుంది. కొన్నాళ్లకే మళ్లీ మొదటికొస్తుంది. ఇప్పుడు లాచ్‌కి తెల్ల లిథియం గ్రీజు, ప్లాస్టిక్ భాగాలకి సిలికాన్ గ్రీజు, తాళం రంధ్రంలో గ్రాఫైట్ పొడి వాడుతున్నాం. డోర్ మూసేముందు లాచ్‌ని స్క్రూడ్రైవర్‌తో మూసి, హ్యాండిల్‌తో తెరుచుకుంటుందో లేదో చూస్తాం. అది చూడకుండా డోర్ మూస్తే, ఒక్కోసారి మళ్లీ తెరవడమే పెద్ద పని అవుతుంది.

ఆ హ్యాండిళ్లు వేయించుకున్నవాళ్లు బండి తీసుకురండి. కూలీ గానీ సామాను డబ్బు గానీ తీసుకోం. మీ దగ్గర తీసిన పాత హ్యాండిళ్లు నేను పారేయలేదు, బండి నంబరు రాసి దాచాను. విరగనివి శుభ్రం చేసి మళ్లీ వాటినే బిగిస్తాం. విరిగిన వాటి బదులు వేరే తయారీవి వేస్తాం, ఒక్కోటీ వైస్‌లో నేనే లాగి చూశాకే.

అప్పటిదాకా బయటి హ్యాండిల్‌ని బలంగా లాగకండి. ఒక చేత్తో డోర్‌ని కాస్త లోపలికి నొక్కి, రెండో చేత్తో లాగండి. అప్పుడు తేలిగ్గా తెరుచుకుంటే డోర్ కిందికి జారి ఉండొచ్చు, వచ్చినప్పుడు ఆ మాట చెప్పండి, హింజెస్ (డోర్ బందులు) కూడా చూస్తాం. ఎంతకీ రాకపోతే లోపలి నుంచే తెరవండి.