రెండోసారి చూస్తే కనిపించిన గుర్రం

చిట్టితల్లికి,

నాన్న ఆశీస్సులు. నువ్వు పంపిన ‘దిస్ ఈజ్ అమెరికా’ పాట వీడియో చూశాను. మీ క్లాసులో దాన్ని వేసినప్పుడు, చర్చి గాయకులు కనిపించే చోట నీ పక్కనున్న అమ్మాయి తల తిప్పుకుందని, ఆ పూటంతా ఎవరితోనూ మాట్లాడలేదని, ఎందుకో నీకు అర్థం కాలేదని రాశావు. ఫోనులో రెండు ముక్కల్లో చెప్పగలిగే సంగతి కాదని ఉత్తరం రాస్తున్నాను.

మొదటిసారి నాకు కనిపించింది చొక్కా లేని ఆ మనిషి ఒక్కడే. డొనాల్డ్ గ్లోవర్, అమెరికా నల్లజాతి కళాకారుడు. చైల్డిష్ గాంబినో అనే పేరుతో పాడతాడు. కళ్ళు పెద్దవి చేస్తాడు, పళ్ళు చూపిస్తాడు, ఒళ్ళంతా విల్లులా వంచుతాడు. బడి దుస్తుల్లో పిల్లలు వచ్చి కలుస్తారు. నాలుగు నిమిషాలూ వాళ్ళ అడుగులనే చూస్తూ కూర్చున్నాను. పక్కన మీ అమ్మ, “ఆ వెనక ఎవరో పైనుంచి కింద పడ్డారు, చూశారా?” అంది. నేను చూడలేదు.

మళ్ళీ వేశాం. ఈసారి ఆడేవాళ్ళ మీద నుంచి చూపు పట్టుబట్టి పక్కకు తిప్పుకున్నాను. అదంతా జరిగే ఆ గోదాములో ఎంత అల్లకల్లోలం జరుగుతోందో అప్పుడు తెలిసింది. జనం ప్రాణభయంతో పరుగెడుతున్నారు. పై అంతస్తులో కొందరు పిల్లలు ఫోన్లు పట్టుకుని అంతా చిత్రీకరిస్తున్నారు. ఒక తెల్ల గుర్రం మీద ముసుగు వేసుకున్న రౌతు అలా దాటిపోతాడు. బైబిలు ప్రకటన గ్రంథంలో మృత్యువు ‘పాండుర వర్ణముగల’, అంటే పాలిపోయిన తెలుపు రంగు, గుర్రమెక్కి వస్తాడని ఉంది. మన వీధి చివర చర్చికి వెళ్ళేవాళ్ళెవరైనా దాన్ని ఇట్టే పోల్చుకుంటారు. నేను మాత్రం మొదటిసారి గుర్రాన్నే చూడలేదు. దర్శకుడు హీరో మురాయ్‌కు కావలసింది అదేనని నా నమ్మకం. ముందు ఆట జరుగుతుంటే వెనక చావు జరుగుతుంది. కన్ను ఆటవైపే పోతుంది. వీడియో చెప్పదలచుకున్న రాజకీయం మాటల్లో కంటే ఈ అమరికలోనే ఎక్కువగా ఉంది.

మొదటి తుపాకి పేలే ముందు అతను నిలబడిన తీరు గుర్తుందా? నడుము ఒక పక్కకు వంచి, మోకాళ్ళు మడిచి, ఒక చేయి వెనక్కి పెట్టి నిలబడతాడు. 1830లలో థామస్ రైస్ అనే తెల్ల నటుడు ముఖానికి నల్లరంగు పూసుకుని ‘జిమ్ క్రో’ అనే వేషం కట్టేవాడు. నల్లవాళ్ళను వెక్కిరిస్తూ గెంతుతూ పాడేవాడు, జనం విరగబడి నవ్వేవారు. ఆ వేషం పాత అచ్చుబొమ్మల్లో మిగిలింది. వీడియో వచ్చిన కొద్ది రోజులకే చాలామంది ఈ రెండు భంగిమలనూ పక్కపక్కన పెట్టి చూపించారు. తరువాతి కాలంలో దక్షిణ రాష్ట్రాల్లో నల్లవాళ్ళను బడిలో, బస్సులో, భోజనశాలలో వేరుచేసిన చట్టాలకు కూడా ఆ వేషగాడి పేరే స్థిరపడింది. అవి 1960ల వరకు నడిచాయి. నవ్వించడానికి కట్టిన వేషం ఒక జాతిని ఎంత దూరం తరిమిందో చెప్పడానికి అతను ఒక్క మాట కూడా ఖర్చు పెట్టలేదు. ఒళ్ళు వంచి నిలబడ్డాడు, అంతే.

తుపాకి పేలగానే ఒక కుర్రాడు పరుగున వచ్చి దాన్ని ఎర్రటి గుడ్డలో అందుకుంటాడు. పురిటిబిడ్డను అందుకునేటంత జాగ్రత్త. అతను కాల్చగా పడిపోయిన మనిషిని మాత్రం నేలమీద ఈడ్చుకుపోతారు. ఇది చూడటానికి ఏ చరిత్రా తెలియనక్కర్లేదు.

ఇక మీ స్నేహితురాలు తల తిప్పుకున్న చోటు. గాయకులు పదిమంది సంతోషంగా ఊగుతూ పాడుతుంటారు. అతను తలుపు తీసుకుని వచ్చి, వాళ్ళతో కలిసి కాస్త ఆడి, ఎవరో విసిరిన తుపాకి పట్టుకుని అందరినీ కాల్చేస్తాడు. 2015 జూన్ 17న సౌత్ కరోలినాలోని చార్లెస్టన్‌లో, ఇమాన్యుయేల్ చర్చిలో, సాయంత్రం బైబిలు చదువుకుంటున్న తొమ్మిది మంది నల్లవాళ్ళను ఒక తెల్ల యువకుడు కాల్చి చంపాడు. వాళ్ళు అతన్ని రమ్మని తమతో కూర్చోబెట్టుకున్నారు. దాదాపు గంటసేపు వాళ్ళ మధ్యే కూర్చుని అప్పుడు తుపాకి తీశాడు. ఆ అమ్మాయి మనసులో ఏముందో నేను చెప్పలేను. కానీ ఆ గాయకులను చూసినప్పుడు అక్కడివాళ్ళకు గుర్తొచ్చేది చార్లెస్టనే.

ఇక్కడ నాకొక బాధ ఉంది, దాచను. తొమ్మిది కుటుంబాల దుఃఖాన్ని పాటలో కొన్ని క్షణాల ఉలికిపాటుగా వాడుకోవచ్చా? కాల్పులు ముగిసీ ముగియగానే మళ్ళీ ఆట మొదలవుతుంది. మీ అమ్మ, “వార్తల్లోనూ అంతే కదండీ, ఇది ముగియగానే ఇంకోటి” అంది. ఆమె మాట సరైనదే. అయినా ఆ చోటు నన్ను కుదుటపడనివ్వడం లేదు.

‘దిస్ ఈజ్ అమెరికా’కు రెండేళ్ళ ముందు, 2016 ఫిబ్రవరిలో, నల్లజాతి గాయని బియాన్సే ‘ఫార్మేషన్’ పాట వీడియో వచ్చింది. దర్శకురాలు మెలీనా మట్సూకాస్. అందులో బొమ్మలు వెనక దాక్కోవు, ఎదురుగా వచ్చి నిలబడతాయి. న్యూ ఆర్లీన్స్ పోలీసు కారు నీళ్ళలో సగం మునిగి ఉంటుంది, దాని మీద ఆమె. 2005లో కత్రినా తుపానుకు ఆ నగరం 80 శాతం మునిగింది. ఇంకోచోట నల్ల హూడీ (తలకప్పే టోపీ ఉన్న చొక్కా) వేసుకున్న చిన్న పిల్లవాడు సాయుధ పోలీసుల వరుస ముందు ఆడతాడు. ఆట ముగించి చేతులు చాచగానే పోలీసులే చేతులు పైకెత్తుతారు. 2012లో ఫ్లోరిడాలో ట్రేవాన్ మార్టిన్ అనే పదిహేడేళ్ళ నల్లజాతి కుర్రవాడిని కాల్చి చంపినప్పుడు అతను వేసుకున్నది హూడీ. అప్పటినుంచి ఆ బట్ట ఒక ప్రశ్నగా మారింది. చలికి నువ్వు వేసుకునేదీ అదే.

ఇదంతా నాకు కొత్తగా అనిపించకపోవడానికి కారణం మీ తాతయ్య. ఆయన బుర్రకథ దళంలో రాజకీయ వంత. నడుమ కథకుడు తంబురా మీటుతూ బొబ్బిలి యుద్ధం చెబుతుంటాడు. ఒక పక్క హాస్య వంత నవ్విస్తాడు. ఇంకో పక్క తాతయ్య గుమ్మెట వాయిస్తూ, ఫ్రెంచి సేనాని బుస్సీ దొర ఫిరంగుల మాట రాగానే, ఈ ఊరి కరణం గారి శిస్తు లెక్కలు ఎత్తుకునేవాడు. జనం కథకుడినే చూసేవారు. కానీ మర్నాడు చెరువుగట్టున చెప్పుకున్నవి తాతయ్య మాటలు. పాతకథలో నేటి గాయాన్ని కలిపే పని ఆయన గొంతుతో చేశాడు, వీళ్ళు బొమ్మతో చేశారు.

గ్లోవర్ తన వీడియోకు అర్థం చెప్పమంటే చెప్పలేదు. చెప్పకపోవడమే మంచిదయింది. ఏ బొమ్మ దేనికి గుర్తో జాబితాలు రాసినవాళ్ళు చాలామంది ఉన్నారు. అవి చదువు. అయితే పొడుపుకథ విప్పినంత తేలిగ్గా దాన్ని ముగించకు. ఆ అమ్మాయిని నువ్వుగా ఏమీ అడగవద్దు. చెప్పాలనిపించి చెబితే ఆమె దగ్గర కూర్చో.

తాతయ్య ఫొటో కావాలన్నావు. ఉన్నది ఒక్కటే, ఏదో ఊళ్ళో కథ చెబుతుండగా తీసింది. దీనితోపాటు పంపుతున్నాను. నడుమ తలపాగాతో ఉన్నది కథకుడు, ఆయన్ను చూసి తాతయ్య అనుకునేవు. తాతయ్య ఆయన భుజం వెనక, సగమే కనిపిస్తాడు. గుమ్మెట మీద చేయి ఉంటుంది.

మీ నాన్న