కోరంగి ప్రయాణం: ఏడు, ఎనిమిది తరగతుల తల్లిదండ్రులకు

తల్లిదండ్రులకు నమస్కారం.

యూనిట్ టెస్టు మార్కులు వచ్చే వారం డైరీల్లో పంపిస్తాం. ఈ ఉత్తరం మాత్రం కోరంగి గురించి.

డిసెంబరులో ఓ శనివారం పిల్లల్ని కాకినాడ దగ్గరి కోరంగి మడ అడవుల అభయారణ్యానికి తీసుకెళ్తున్నాం. బస్సు ఎన్నింటికని ఇప్పటికే చాలామంది అడిగారు. అది పాటు, అంటే సముద్రపు నీరు వెనక్కి తగ్గే వేళని బట్టి ఉంటుంది. నీళ్ళు తగ్గి బురద బయటపడితేనే అక్కడ చూడాల్సినవి కనపడతాయి. పోటుపాట్లు రోజూ సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తాయి కదా, ఆ లెక్క ఎనిమిదో తరగతి పిల్లలే వేస్తున్నారు. వాళ్ళు తేల్చిన టైమ్‌ని సైన్స్ టీచర్ సరిచూశాక డైరీలో రాయిస్తాం. తెల్లవారుజామున లేవాల్సి వస్తే విసుక్కోకండి.

చెక్క వంతెన మీద నడుస్తుంటే కింద బురదలోంచి వేలకొద్దీ వేర్లు మేకుల్లా పైకి పొడుచుకొచ్చి ఉంటాయి. ఆ బురదలో గాలి ఆడదు. అందుకే మడ చెట్లు వేర్లను పైకి పంపి ఊపిరి తీసుకుంటాయి. తాగిన ఉప్పునీటిలోని ఉప్పును కొన్ని రకాల మడ చెట్లు తమ ఆకుల మీదికి వదిలేస్తాయి, ఎండలో ఆ ఆకులు చూస్తే ఉప్పు పొడి మెరుస్తుంది. ఇంకో రకంలో గింజ చెట్టు మీదుండగానే మొలకెత్తి, పొడుగ్గా వేలాడి, తర్వాత రాలుతుంది. బురదలో ఒక డెక్క మాత్రం పెద్దదిగా ఉన్న చిన్న పీతలు, నేల మీద గెంతే చేపలు ఉంటాయి. మనం ఇళ్ళలో వండుకునే రొయ్యలు, పీతల్లో చాలావాటి పిల్లలు ఇలాంటి వేర్ల మధ్యే పెరుగుతాయి. కుళ్ళిన గుడ్డు వాసన వస్తుంది. అది మురికి వల్ల కాదు, గాలి ఆడని చోట ఆకులు కుళ్ళడం వల్ల. పిల్లలు ముక్కు మూసుకుంటారు, పర్లేదు.

1978లో అభయారణ్యంగా ప్రకటించిన ఈ అడవి సుమారు 235 చదరపు కిలోమీటర్లు. బావురు పిల్లులు, నీటి కుక్కలు ఉన్న మాట నిజమే కానీ అవి పగటిపూట బస్సు నిండా పిల్లలకి కనపడతాయని మేం మాటివ్వలేం. ఇంటికొచ్చాక "బావురు పిల్లిని చూశావా?" అని కాకుండా "బురదలో ఏం చూశావ్?" అని అడిగితే పిల్లలు ఎక్కువ చెబుతారని నా నమ్మకం.

ఒకప్పుడు ఇక్కడ పెద్ద రేవు ఉండేది. 1839 తుఫానులో సముద్రం ఊరి మీదికి వచ్చి దాన్ని తుడిచిపెట్టింది. ఈ రేవు పేరు మీదే బర్మాలో తెలుగువాళ్ళని కోరంగీలు అనేవారు. మీ ఇంట్లో తాతయ్యలకో, నానమ్మలకో రంగూన్ కబుర్లు తెలిస్తే ప్రయాణానికి ముందే పిల్లలకి చెప్పించండి. సోషల్ టీచర్ వాటిని రాయించుకుంటారు.

ఒక్క విషయంలో మాత్రం గట్టిగా చెప్పి పంపండి. ఆకులు తుంచకూడదు. అక్కడి తిల్ల చెట్టు పాలు కంట్లో పడితే చాలా ప్రమాదం. బోటులో లైఫ్ జాకెట్ వేసుకోనివాళ్ళని ఎక్కించం, ఈ విషయంలో బతిమాలడాలు ఉండవు. అన్నం స్టీలు బాక్సులో పెట్టండి, చిప్స్ ప్యాకెట్లు వద్దు. పాత బూట్లు, టోపీ, నీళ్ళ సీసా చాలు. సెల్‌ఫోన్లు వద్దు, ఫొటోలు మేం తీసి పంపిస్తాం.

బోటంటే భయపడే పిల్లలుంటే ముందే చెప్పండి, వాళ్ళతో వంతెన దగ్గరే ఒక టీచర్ ఉంటారు. అనుమతి పత్రం మీద సంతకం చేసి, మందులు వాడుతుంటే వాటి పేర్లు రాసి, బుధవారంలోగా క్లాస్ టీచర్‌కి ఇవ్వండి.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు