డిశ్చార్జ్ అయ్యాక కూడా వదిలిపెట్టని మా వాళ్లకు

అందరికీ నమస్కారం. నేను తిరుపతి కొర్లగుంటలో ఉంటాను. పెళ్లిళ్లకు వంటకి వెళ్లేదాన్ని. పోయినేడాది ఒక పెళ్లి వంటలో కాగిన నూనె బాణలి ఒరిగి నా కుడి చెయ్యి, మెడ పక్కన కాలాయి. ఎవరో పేస్టు పూయబోతే ఆపి, కుళాయి కింద చెయ్యి పెట్టించి 20 నిమిషాలు కదలనివ్వని ఆ నీళ్ల కుర్రాడికి మొదటి దండం. అదే సరైన పని అని డాక్టరమ్మ కూడా మెచ్చుకుంది.

ఆసుపత్రికి వచ్చి చూసినవాళ్లందరికీ రుణపడి ఉన్నాను. ఆపరేషన్ ఆరోగ్యశ్రీలో జరిగింది. కానీ "పుండు మానింది కదా, ఇంకేం?" అని అడిగేవాళ్లకు చెప్పలేక అలిసిపోయాను. మానిన చోట చర్మం ఉబ్బి గట్టిపడుతుంది. మోచెయ్యి వంచినట్టే బిగుసుకుపోతుంది. రాత్రయితే దురద. తొడ చర్మం తీసి అతికించిన చోట చెమట పట్టదు, వేడి బయటికి పోదు. మచ్చ ఉబ్బకుండా రోజుకు 23 గంటలు బిగుతు తొడుగు వేసుకోవాలి, అదీ నెలల తరబడి. మన మే నెల ఎండల్లో! గంగమ్మ జాతరకు ఊరంతా వీధిలో ఉంటే నేను ఫ్యాను కింద తడిగుడ్డతో కూర్చున్నాను.

ఆ తొడుగులకు, మచ్చ మీద అంటించుకునే సిలికాన్ షీట్లకు డబ్బు సర్దింది మా డ్వాక్రా సంఘం అక్కలు. నా వాయిదాలూ వాళ్లే కట్టారు. ఎండ ఎక్కకముందే ఫిజియోథెరపీకి తీసుకెళ్లిన ఆటో అన్న డబ్బులిస్తే తీసుకోడు. బలవంతంగా ఇస్తే వాటితో పండ్లు కొని మా ఇంట్లో ఇచ్చిపోయేవాడు. ఇక ఆ ఫిజియోథెరపీ అమ్మాయి! "ఏడ్చుకో అక్కా, చెయ్యి మాత్రం చాపు" అనేది. అప్పుడు తిట్టుకున్నాను తల్లీ. ఈరోజు నా జడ నేనే వేసుకుంటున్నాను.

ఇంకొకటి చెప్పాలి. నూనెలో ఏదైనా చుయ్యిమంటే గుండె దడ, నిద్రలో ఉలికిపాటు, అద్దం చూడబుద్ధి కాకపోవడం. బస్సులో ఒకామె నా పక్కనుంచి లేచి వెళ్లాక నెలరోజులు గడప దాటలేదు. "ఇది పిచ్చి కాదమ్మా, కాలిన గాయాలైన చాలామందికి వస్తుంది, తగ్గించుకోవచ్చు" అన్న కౌన్సెలింగ్ మేడమ్ మాటతోనే ఊపిరి పీల్చుకున్నాను. ఆమె చెప్పినట్టు మా అత్త అప్పడాలు వేయిస్తుంటే ముందు వాకిట్లో నిలబడ్డాను, తర్వాత గుమ్మం దగ్గర, తర్వాత పక్కన. ఆ అప్పడాలన్నీ తినలేక మా పిల్లలు మొత్తుకున్నారు. కోడలి భయం పోగొట్టడానికి అన్ని రోజులు పొయ్యి ముందు ఓపిగ్గా కూర్చున్న అత్తను ఎంత పొగిడినా తక్కువే.

ఇప్పుడు ఇంటి ముందే పొద్దున ఇడ్లీ, పప్పుల చట్నీ అమ్ముతున్నాం. సంఘం బాకీ నెలనెలా తీరుస్తాను. ఆటో అన్నా, నువ్వు మాత్రం టిఫిన్‌కి జేబులో చెయ్యి పెడితే ఊరుకోను.