వ్యోమగాముల శిక్షణ యంత్రాలను తుక్కులో వేయకండి

సంపాదకుడు గారికి,

మన వ్యోమగాములను అంతరిక్షంలోకి పంపే గగన్‌యాన్ గురించి వార్త వచ్చినప్పుడల్లా ఈ మాట రాయాలనుకుంటున్నాను. వాళ్లు బెంగళూరులో సాధన చేసే సిమ్యులేటర్లు (అసలు నౌకలో ఉన్నట్టే అనిపించే శిక్షణ యంత్రాలు), నమూనా గదులు ఏదో ఒకరోజు పాతబడతాయి. అప్పుడు వాటిని తుక్కు కింద వేలం వేయకుండా, గోడౌన్‌లో మూలన పడేయకుండా, పిల్లలు లోపలికి ఎక్కి చూసేలా శ్రీహరికోటలో పెట్టాలి. ఇస్రో, రాష్ట్ర ప్రభుత్వం ఈ సంగతి ఇప్పుడే తేల్చుకోవాలని నా విన్నపం.

అమెరికాలో మా అబ్బాయి దగ్గరికి వెళ్లినప్పుడు సియాటిల్ మ్యూజియం ఆఫ్ ఫ్లైట్‌లో నాసా వాళ్ల పాత స్పేస్ షటిల్ ట్రైనర్ చూశాను. స్పేస్ షటిల్ అంటే వ్యోమగాములను అంతరిక్షానికి తీసుకెళ్లి, విమానంలా తిరిగి దిగిన నౌక; ట్రైనర్ అంటే శిక్షణ కోసం చేసిన దాని నమూనా. ఫుల్ ఫ్యూజిలేజ్ ట్రైనర్ అంటారు. దానికి రెక్కలు లేవు, అది ఏనాడూ ఎగరలేదు, చాలావరకు ప్లైవుడ్‌తో చేసింది. కానీ షటిల్ ఎక్కిన వ్యోమగాములంతా హ్యూస్టన్‌లో శిక్షణ పొందింది ఇందులోనే, మన కల్పనా చావ్లా, సునీతా విలియమ్స్ కూడా. ప్రమాదం వస్తే పక్క తలుపులోంచి ఎలా బయటపడాలి, అదీ కుదరకపోతే పైకిటికీలోంచి తాడు పట్టుకుని కిందికి ఎలా దిగాలి, ఇలాంటివన్నీ టెన్షన్ లేకుండా చేసేయగలిగేదాకా మళ్లీ మళ్లీ చేసి నేర్చుకున్న చోటు అది. కల్పన కూడా ఇక్కడే ఎక్కి దిగి ఉంటుంది కదా అనుకుంటే నాకు కాసేపు నోట మాట రాలేదు.

2011లో సేవలు ముగిస్తున్న షటిళ్లను మ్యూజియాలకు పంచినప్పుడు సియాటిల్ కూడా ఒకటి కావాలని గట్టిగా ప్రయత్నించింది. అవి వేరే చోట్లకు పోయి, దీనికి ఈ ట్రైనర్ దక్కింది. 2012లో ముక్కలుగా విడదీసి సూపర్ గప్పీ అనే భారీ విమానంలో తెచ్చారు. నన్నడిగితే సియాటిల్‌కే మంచిది దొరికింది. నిజం షటిల్‌ను బయట నిలబడి చూడాల్సిందే, లోపలికి పోనివ్వరు. ఇక్కడైతే పేలోడ్ బేలో, అంటే హబుల్ టెలిస్కోప్‌ను పైకి మోసుకెళ్లినంత పెద్ద సరుకు గదిలో, చిన్నపిల్లలు కూడా తిరగొచ్చు. ముందున్న సిబ్బంది గదిలోకి మాత్రం నేను వెళ్లినప్పుడు గైడ్ వెంట కొద్దిమందినే పంపారు, దానికి వేరే టికెట్. ఆ ఇరుకు చూస్తేగానీ అందులో ఏడుగురు రోజుల తరబడి ఎలా ఉన్నారో అర్థం కాదు.

రాకేశ్ శర్మ 1984లో అంతరిక్షం నుంచి తిరిగొచ్చిన సోయుజ్ అనే సోవియట్ నౌక క్యాప్సూల్ ఢిల్లీ నెహ్రూ ప్లానెటేరియంలో ఉంది. మన ఊళ్ల పిల్లల్లో అంత దూరం వెళ్లి చూడగలిగేది ఎందరు? శ్రీహరికోటలో ప్రయోగం చూడటానికి గ్యాలరీ కట్టారు, సంతోషం. కానీ రాకెట్ కొన్ని నిమిషాల్లో కనుమరుగైపోతుంది. అదే ఒక పిల్ల శిక్షణ యంత్రం సీట్లో కూర్చుని ఆ స్విచ్చులు తాకితే ఇంటికెళ్లి వంద ప్రశ్నలు అడుగుతుంది, ముప్పై ఏళ్లు సైన్సు చెప్పినవాడిగా ఇది నాకు బాగా తెలుసు.

యంత్రాలతో పాటు వాటి మీద శిక్షణ ఇచ్చినవాళ్ల అనుభవాలు కూడా తెలుగులో రికార్డు చేసి అక్కడ వినిపించాలి. సూళ్లూరుపేట, నాయుడుపేట వైపు సర్కారు బడుల పిల్లలను టికెట్ లేకుండా లోపలికి ఎక్కనివ్వాలని కూడా కోరుతున్నాను.

— ఒక రిటైర్డ్ సైన్స్ టీచర్, నాయుడుపేట